పసుపు పడిన ఐరిష్ స్ట్యూ

ఉల్లిపాయ వేయించకుండా మాంసం వండేవాళ్లను నేను చాలాకాలం వంటవాళ్ల కింద జమకట్టలేదు. బాపట్ల వైపు పుట్టిన మనిషిని. మా ఇంట్లో ఆదివారం ఆరాధన నుంచి రాగానే మాంసం కూర ఉండి తీరాలి. ఉల్లిపాయలు ఎర్రబడే వాసన వీధి చివరిదాకా పోవాలి. పోలేదంటే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని పొరుగువాళ్లు పలకరించడానికి వచ్చేవాళ్లు. అలాంటి నేను అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో ఒక ఐరిష్ ముసలావిడ వంటింట్లో పచ్చి మాంసం మీద పచ్చి ఉల్లిపాయలు పరిచి, నీళ్లు పోసి, మూత పెట్టి, దాని ముందు గుండె చిక్కబట్టుకుని కూర్చున్న ఆదివారం ఒకటుంది. ఎనభైల మధ్యలో సంగతి.

ఆవిడది మా ఎదురు వాటా. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో మా తలుపూ ఆవిడ తలుపూ ఎదురెదురు. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరు, నాకు హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం. డెబ్బైల చివర మేము అక్కడ దిగేసరికే ఆవిడ భర్త పోయి ఒంటరిగా ఉంటోంది. పేరు పెట్టి పిలవమనేది. అంత పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆంటీ అన్నాను. నీకు నేను ఆంటీని ఎలా అవుతానని మొదట్లో నవ్వేది, తర్వాత అలవాటు పడిపోయింది. మా మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే నడిచేవి. ఇన్నేళ్ల తర్వాత నాకు మాత్రం అవి తెలుగులోనే వినిపిస్తున్నాయి.

మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నాకు తాలింపు వాసన పడేది కాదు. ఆవాలు చిటపటలాడితే చాలు, బాత్రూమ్‌కి పరుగు. మా ఆయన బ్రెడ్డు తిని బతికాడు, నేను అదీ మింగలేకపోయాను. ఒకరోజు ఆవిడ తలుపు తట్టి మూతపెట్టిన గిన్నె ఒకటి చేతిలో పెట్టింది. గొర్రె మెడ ముక్కలు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, నీళ్లు, ఉప్పు, మిరియాలు. అంతే. కారం లేదు, రంగు లేదు. స్ట్యూ అంటారట దాన్ని. చూడగానే జ్వరం పడి లేచినవాళ్లకి పెట్టే పథ్యం అనుకున్నాను. తిన్నాను, కడుపులో నిలిచింది. సాయంత్రం ఖాళీ గిన్నె పట్టుకుని వెళ్లి, సిగ్గు విడిచి ఇంకాస్త ఉందా అని అడిగాను.

అప్పుడు నన్ను తన వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి అది వండటం చూపించింది. దుంపలు రెండు విధాలుగా తరగాలి. పల్చటి చక్రాలు అడుగున పరిస్తే కరిగిపోయి పులుసు చిక్కబడుతుంది. మిగిలినవి తొక్కతీసి కొయ్యకుండా అలాగే పైన పేరిస్తే ఆవిరికి ఉడుకుతాయి. మధ్యలో మాంసం, ఉల్లిపాయ, థైమ్ అనే ఆకు రెమ్మ. కారెట్ వెయ్యొచ్చుగా అంటే, గొప్పలకి పోయేవాళ్లు వేసుకుంటారని మూతి తిప్పేది. మూత పెట్టాక గరిటె పెట్టకూడదు. నేను గరిటె అందుకున్నప్పుడల్లా “కలపకు” అనేది.

“కలపకుండా వంటేంటి ఆంటీ? అడుగంటిపోదూ?”

“మంట తగ్గించు, అంటదు. ఊరికే కెలుకుతావు నువ్వు. కాసేపు దాని మానాన దాన్ని వదిలెయ్.”

ఆ పద్ధతి వాళ్లమ్మదట. వాళ్లమ్మ ఐర్లండ్ నుంచి ఓడలో వచ్చిన మనిషి.

అమ్మాయి పుట్టాక, బడికి పోయే వయసు వచ్చేదాకా పగలంతా ఆవిడే చూసుకుంది. నేను ల్యాబ్‌లో నిశ్చింతగా పని చేసుకున్నానంటే ఆవిడ చలవే. ఆ తర్వాత నేను చేసిన పనికి కారణం అదొక్కటే, నాలో ఇంకే గొప్ప గుణమూ లేదు.

నేను మొదట చెప్పిన ఆదివారం వచ్చిన ఏడాది, చలికాలంలో ఆవిడకు మతిమరుపు మొదలైంది. తాళాల గుత్తి ఫ్రిజ్‌లో దొరికింది. అడిగిందే మళ్లీ అడిగేది. వయసు కదా అని సర్దుకున్నాం. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి కారిడార్ నిండా మాడు వాసన. ఆవిడ తలుపు తాళం ఒకటి నా దగ్గర ఉండేది. గబగబా తీసి చూస్తే స్టవ్ మీద కెటిల్‌లో నీళ్లన్నీ ఇగిరిపోయి అడుగు ఎర్రగా కాలుతోంది. ఆవిడ హాల్లో టీవీ చూస్తూ కూర్చుంది. నేను స్టవ్ ఆపి, కిటికీలు తెరిచాను. ఆవిడ తల తిప్పి నన్ను చూసి టీ తాగుతావా అని అడిగింది.

వాసన అపార్ట్‌మెంట్ మేనేజర్‌కీ తగిలింది. అతను ఆవిడ కొడుక్కి ఫోన్ చేశాడు. ఒక్కడే కొడుకు, ఒహాయోలో ఉంటాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తున్నానని అతను తల్లికి ఫోన్ చేసి, నీ చేతి స్ట్యూ తిని చాలా కాలమైంది, చేసిపెట్టమన్నాడట. ప్రేమగా అడిగాడో పరీక్ష పెట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడకు మాత్రం అనుమానం లేదు. ఫోన్ పెట్టేసి తిన్నగా మా తలుపు దగ్గరికి వచ్చింది.

“నన్ను ముసలివాళ్ల హోమ్‌లో చేర్చాలని వస్తున్నాడు” అంది. “వండి పెట్టానంటే వాడికి నోరు లేవదు. వంట చేసుకోగలిగిన మనిషిని ఎలా తీసుకుపోతాడు?”

“అయితే వండండి. భయమెందుకు?”

ఆవిడ మా ఇంట్లోకి ఒకసారి తొంగి చూసింది, మా ఆయన వింటున్నాడేమోనని. గొంతు తగ్గించింది.

“మొదట ఏది వెయ్యాలో గుర్తు రావడం లేదు. పొద్దుటి నుంచీ కుండ ముందు పెట్టుకుని కూర్చున్నాను.”

ఆవిడ ఏడవలేదు. ఏడ్చినా నేను తట్టుకునేదాన్నేమో. నువ్వు వండు, నేను వండానని చెబుదాం అంది. నేను వెంటనే సరేనన్నాను.

మా ఆయనకు ఇది బొత్తిగా నచ్చలేదు. శనివారం డెట్రాయిట్ మార్కెట్‌కి వెళ్లి మెడ మాంసం తెచ్చినప్పుడు ఊరుకున్నాడు కానీ, ఆదివారం పొద్దున నేను చర్చికి రానని చెప్పేసరికి అందుకున్నాడు. నెలకొకసారి తెలుగువాళ్లమంతా ఒక హాలు అద్దెకి తీసుకుని ఆరాధన జరుపుకునేవాళ్లం. ఎవరు రాలేదో అందరికీ తెలిసిపోయేంత చిన్న సంఘం.

“రేపు స్టవ్ అంటుకుంటే? ఎదురుగా ఉన్నది మనమే. ఇంట్లో పిల్ల ఉంది” అన్నాడు. “ఆ అబ్బాయికి ఉన్నదున్నట్టు చెప్పెయ్.”

“ఆ అబ్బాయికి యాభై దాటాయండీ.”

“సరే, ఆ పెద్దమనిషికే చెప్పు. ఆరాధన ఎగ్గొట్టి మరీ అబద్ధం వండిపెడతావా?”

“మన పిల్లకి పాలు పట్టిందావిడ. ఒళ్లో పడుకోబెట్టుకుంది. మీరెన్ని రోజులు లీవ్ పెట్టారో చెప్పండి!”

“దానికీ దీనికీ ఏంటే సంబంధం? నువ్వు ఆవిడకి మేలు చేస్తున్నాననుకుంటున్నావు. నీ సరదా కాకపోతే!”

ఈ వాదనంతా నేను సింక్ దగ్గర మాంసం కడుగుతూనే సాగించాను. గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువే చేశాను. ఆయన అమ్మాయిని తీసుకుని కార్‌లో వెళ్లిపోయాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. నాకు ఇంకా ఒళ్లు మండింది అందుకే.

మాంసం గిన్నె పట్టుకుని ఎదురింట్లోకి వెళ్లేసరికి ఆవిడ ముస్తాబై ఉంది. ఇస్త్రీ చేసిన గౌను, పెదాలకి రంగు. బల్ల మీద కంచాలు సర్దేసింది కూడా. మూడున్నాయి.

“మూడోది ఎవరికి ఆంటీ?”

ఆవిడ ఆ కంచం వంక చాలాసేపు చూసి “నీకే” అంది. నాకోసం పెట్టిందని నేను అనుకోను.

ఆవిడ చెప్పిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. అడుగున దుంప చక్రాలు, వాటి మీద మెడ ముక్కలు, ఉల్లిపాయ, థైమ్ రెమ్మ, మళ్లీ ముక్కలు, మళ్లీ ఉల్లిపాయ, పైన కొయ్యని దుంపలు. ఒక్కొక్కటీ వేస్తుంటే ఆవిడ పక్కన నిలబడి తల ఊపింది. అంతకు ముందు దుంపలు తరిగేటప్పుడు, చేతికి గుర్తొస్తుందేమోనని కత్తి ఆవిడకే ఇచ్చాను. ఎంత సన్నగా తరిగిందని! చెయ్యి తడబడలేదు. తరిగి, కత్తి కడిగి పెట్టి, ఇవి దేనికని అడిగింది.

నీళ్లు పోసి మూత పెట్టాను. గరిటె దూరంగా పెట్టేశాను. కాసేపటికి వాసన మొదలైంది. నాకు కాస్త ధైర్యం వచ్చింది. దుంపలు ఎంతవరకు వచ్చాయో చూద్దామని మూత తీశాను.

పులుసు పచ్చగా ఉంది. చక్కగా, పెళ్లి గుమ్మానికి పూసినంత పచ్చగా ఉంది.

ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. తర్వాత నా వేళ్లు చూసుకున్నాను. గోళ్ల సందుల్లో పసుపు. మా వైపు ఆడవాళ్లు మాంసం కడిగారంటే ఉప్పూ పసుపూ పట్టించి కడిగారనే అర్థం. నీచు వాసన పోవాలంటే అదే దారి. దానికి ఆలోచనతో పని లేదు. చెయ్యి దానంతటది పోపుల డబ్బాలోకి వెళ్లి వచ్చేస్తుంది. మా ఆయనతో పోట్లాడుతూ నేను పసుపు పట్టించాను, నీళ్లు మార్చి మార్చి కడిగాను కూడా. కానీ మెడ ముక్కల ఎముక సందుల్లో దూరిన పసుపు ఎక్కడికి పోతుంది? అక్కడే దాక్కుని, ఈ తెల్లటి కూరలో బయటపడింది.

ఆవిడ కొడుకు పుట్టినప్పటి నుంచీ తిన్న కూర. దాని రంగు అతనికి తెలియదా? ఏ ఐరిష్ తల్లి ఇంట్లో పసుపు ఉంటుంది? ఒక్క చూపు చాలు, వండింది ఎదురింటి ఇండియన్ అని చెప్పడానికి. ఇంకో మాంసం తెద్దామంటే ఆదివారం ఆ కొట్టు ఉండదు, మామూలు సూపర్‌మార్కెట్‌లో మెడ మాంసం దొరకదు, కారు మా ఆయన తీసుకుపోయాడు. ఆ క్షణంలో ఆయన మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు, పసుపు ఆయనే వేసినట్టు.

పులుసు వంపేసి కొత్త నీళ్లు పోశాను. అవీ పచ్చబడ్డాయి. పై దుంపలు తీసి కడిగాను. అప్పటికే రంగు పట్టేశాయి. పాలు పోస్తే తెల్లబడుతుందేమోనని కొంచెం పోశాను. పచ్చదనం కాస్త తగ్గి వెన్న రంగులో నిలిచింది, ఇక ఏం చేసినా కదల్లేదు.

ఈ హడావిడిలో ఆవిడను గమనించలేదు. తిరిగి చూసేసరికి ఆవిడ ఉప్పు డబ్బా పట్టుకుని కుండ మీద వంగి ఉంది.

“ఉప్పు వెయ్యాలి కదా” అంది.

“ఇందాకే వేశారు ఆంటీ.”

“వేశానా?” డబ్బా పెట్టేసింది. నేను సింక్ వైపు తిరిగానో లేదో మళ్లీ డబ్బా మూత చప్పుడు. ఈసారి అరచేతిలోకి ఒంపుకుంది. నేను ఆ చెయ్యి పట్టుకుని గట్టిగా అరిచాను, పిల్లల మీద అరిచినట్టు. ఉప్పు నేల మీద చిమ్మింది. ఆవిడ నన్ను చూసి భయపడింది. ఆ కళ్లలో ఒక్క నిమిషం నేనెవరో ఆవిడకు తెలియలేదు. తర్వాత మెల్లగా వెళ్లి కుర్చీలో కూర్చుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. నేల తుడుస్తూ ఏడ్చాను, ఆవిడకు కనపడకుండా.

“ఇవాళ ఎవరైనా వస్తున్నారా?” అని అడిగింది.

“మీ అబ్బాయి.”

“వాడికి స్ట్యూ అంటే ఇష్టం” అంది. ముఖంలో మళ్లీ కళ వచ్చింది.

కొడుకు వచ్చాడు. ఆజానుబాహువు, గుమ్మంలో తల వంచుకుని లోపలికి వచ్చాడు. తల్లిని కావలించుకుని, కోటు విప్పకముందే వంటింట్లోకి నడిచాడు. స్టవ్ మీటలు ఒక్కొక్కటీ తాకి చూశాడు. ఫ్రిజ్ తెరిచాడు. చెత్తబుట్టలోకి తొంగి చూశాడు. మాడిన కెటిల్ ఇంకా పొయ్యి వెనక ఉంది, దాన్ని పైకెత్తి అడుగు చూసి మళ్లీ అక్కడే పెట్టాడు. నాతో మర్యాదగానే మాట్లాడాడు. అమ్మని కనిపెట్టుకుని ఉంటున్నందుకు థాంక్స్ చెప్పాడు. ఆ మర్యాద నన్ను కోపం కంటే ఎక్కువ భయపెట్టింది. నేను వెళ్లొస్తానన్నాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

“ఎక్కడికి? నీకు కంచం పెట్టాను.”

కూర్చోక తప్పలేదు. కొడుకు ప్రార్థన చెప్పాడు. నేనూ కళ్లు మూసుకున్నాను, నా ప్రార్థన వేరే. కుండ మూత తీసి ఆవిడే వడ్డించింది. ఆ పని మాత్రం దొరసానిలా చేసింది. మొదట కొడుక్కి, తర్వాత నాకు, చివర తనకి. అతను కంచంలోకి చూసి ఆగిపోయాడు.

“అమ్మా, ఇది పచ్చగా ఉందేంటి?”

ఆవిడ కంచం చూసింది, నన్ను చూసింది. వెన్న ఎక్కువ పడిందని చెప్పమని ముందే చెప్పి ఉంచితే బాగుండేదనిపించింది. ఆవిడ చెంచాతో కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఇంకో చెంచా తీసుకుంది. మూడోది తీసుకుని, నా వైపు తిరిగి ఎంతో ఆదరంగా నవ్వింది.

“చాలా బాగుంది. మీ దేశంలో దీన్నేమంటారు?”

నా బెంగంతా రంగు గురించే. ఆవిడ రుచిని గుర్తుపట్టదని నేను కలలో కూడా అనుకోలేదు. తన కూర, తన అమ్మ కూర, నన్ను బతికించిన కూర. అది ఆవిడ నాలుక మీద కొత్తది.

పొద్దుటి నుంచీ నా కొంప ముంచిన పసుపే అప్పుడు అక్కరకొచ్చింది. “మటన్ పులుసు అంటాం ఆంటీ” అన్నాను గబుక్కున. కొడుకుతో, “నేనే వండి తెచ్చానండీ. ఆంటీ చేస్తానంటే, ఇవాళ మా కూర రుచి చూడండని బతిమాలాను” అన్నాను. రంగు నా మాటకి సాక్ష్యం చెప్పింది. కొడుకు తల ఊపాడు.

అతను తినడం మొదలుపెట్టాడు. ఒక ముద్ద తిని ఆగాడు. చెంచాతో దుంపను కదిపాడు. పైదాన్ని పక్కకి జరిపి, అడుగున కరిగి చిక్కబడిన గుజ్జును చెంచాతో పైకి తీసి చూశాడు. దాన్ని నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు.

“అడుగున పల్చటి చక్రాలు, పైన కొయ్యనివి” అన్నాడు. ఎవరినీ చూడలేదు, కంచంలోకే చూస్తున్నాడు. “కలపకుండా. ఇది మీకు ఎవరు నేర్పారు?”

ఆవిడ కూడా చెంచా పెట్టేసి కుతూహలంగా నా వైపు చూసింది. “అవును, ఎవరు నేర్పారు నీకు?”

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. మా అమ్మ అనేస్తే సరిపోయేది. ఆవిడ ఆ వాటాలో ఇంకొన్నాళ్లు ఉండేది. కానీ ఆ కూర ఆవిడది. ఆవిడ ఎదురుగా కూర్చుని దాన్ని ఇంకొకళ్లకి అంటగట్టడానికి నాకు మనసొప్పలేదు. అప్పటికే ఎన్ని పోయాయో ఆవిడవి.

“మీరే ఆంటీ” అన్నాను. “మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు మీరే నేర్పారు.”

కొడుకు చేత్తో కళ్లు మూసుకున్నాడు. నేను తల వంచుకున్నాను. ఎండలు ముదిరేలోపే ఆవిడ ఆ వాటా ఖాళీ చేసింది. తన ఇంటికే తీసుకుపోతున్నానని అతను చెప్పాడు, నేను అంతకు మించి అడగలేదు. అలా జరగబోతోందని ఆ బల్ల దగ్గర ఇద్దరికి అప్పుడే తెలిసిపోయింది.

ఆవిడకు తెలియలేదు. ఆవిడ ముఖం సంతోషంతో వెలిగిపోయింది. కొడుకు మోచెయ్యి తట్టి, “విన్నావా? నేనే నేర్పానట!” అంది. తర్వాత తన కంచం నా వైపు జరిపింది.

“అయితే ఇంకొంచెం వెయ్యి. సరిగ్గా నేర్పానో లేదో చూస్తాను.”